ఎండలు పాతవే... ఈ వేడి ఎవరిది?

"బెజవాడ ఎండలు ఇవాళ కొత్తగా వచ్చాయా ఏంటి! రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని మా అమ్మమ్మ నాటి నుంచీ అంటున్నదేగా!"

ఇదీ మా అత్తయ్యగారి వాదన. ఆ ధీమాతోనే 2015 మేలో మిట్టమధ్యాహ్నం వడియాలు తిరగేయడానికి డాబా ఎక్కి, అక్కడే సొమ్మసిల్లి పడిపోయారు. ముఖాన నీళ్లు చల్లి, ఆటోలో ఆసుపత్రికి చేర్చేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. అదృష్టం బాగుండి గట్టెక్కారు. ఆ నెలలో వడగాలులకు మన రాష్ట్రంలోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు.

నిజానికి ఆవిడ మాట అబద్ధమేం కాదు. చుట్టూ కొండలు. పగలంతా కాగిన రాళ్లు రాత్రికి సెగ కక్కుతాయి. ఊరికి 'బ్లేజ్‌వాడ' అని పేరు ఊరికే రాలేదు. మరి వేడి పెరిగిందని గోల ఎందుకు? డిగ్రీలో ఫిజిక్స్ చదువుతున్న మా అమ్మాయిని అడిగాను.

"సూర్యుడి వల్లేమోనే?"

"కాదమ్మా. 1978 నుంచి ఉపగ్రహాలతో కొలుస్తున్నారు. పదకొండేళ్లకోసారి కాస్త హెచ్చూతగ్గూ తప్ప సూర్యుడి శక్తి పెరగలేదు."

"అగ్నిపర్వతాలో?"

"అవి పేలితే చల్లబడుతుంది! 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో పేలి, పైకెగసిన పొర ఎండకు అడ్డుపడింది. భూమి వేడి ఒకటి రెండేళ్లపాటు అర డిగ్రీ దాకా తగ్గింది."

2015లోనూ, 2023-24లోనూ వచ్చిన ఎల్‌నినో సంగతీ అడిగాను. అది సముద్రంలోని వేడిని ఏడాదో, ఏడాదిన్నరో బయటికి తెచ్చి వెళ్లిపోతుందట. దశాబ్దాల తరబడి పెరుగుతున్న వేడికి అది కారణం కాదు.

ఇక మిగిలింది మనం కాల్చే బొగ్గు, పెట్రోలు, డీజిలు. మనకు కరెంటిచ్చే ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో మండేదీ బొగ్గే. ఫ్యాక్టరీల కాలానికి ముందు పది లక్షల పాళ్ల గాలిలో 280 పాళ్లుండే బొగ్గుపులుసు వాయువు ఇప్పుడు 420 దాటింది. అది భూమికి దుప్పటి లాంటిది. దుప్పటి కప్పుకుంటే లోపల ఉక్క, బయట చల్లన. భూమికీ అంతే. కింది గాలి వేడెక్కుతుంటే, బాగా ఎత్తున ఉన్న పొర చల్లబడుతోంది. తప్పు సూర్యుడిదే అయితే రెండూ వేడెక్కాలి కదా! అప్పటిదాకా పెరిగిన సుమారు 1.1 డిగ్రీల వేడి దాదాపు అంతా మనుషుల వల్లేనని ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2021లో తేల్చింది.

దుప్పటి అనగానే నాకు మా పుట్టిల్లు గుర్తొచ్చింది. దివిసీమలో వేసవి రాత్రుళ్లు ఆరుబయట మంచాలేసుకుని పడుకుంటే, తెల్లవారుజామున చలికి ముడుచుకునేవాళ్లం. ఇప్పుడు విజయవాడలో అర్ధరాత్రి దాటినా గోడలు కాలుతూనే ఉంటాయి. ఇందులో కాంక్రీటు పాపమూ ఉంది. అయితే ప్రపంచం మొత్తమ్మీద కూడా పగటికన్నా రాత్రులే ఎక్కువ వేడెక్కాయట. రాత్రి సూర్యుడెక్కడున్నాడు చెప్పండి?

పల్లెల పాత్ర కూడా లేకపోలేదు. నీరు నిలిచిన వరి చేలల్లో మీథేన్ పుడుతుంది. అదీ వేడిని పట్టి ఉంచేదే. మధ్యమధ్య చేను ఆరనిచ్చి నీరు పెడితే అది తగ్గుతుంది. మా తమ్ముడికి ఈ మాట చెబితే, "కాలవలో నీళ్లు మనం అడిగినప్పుడు వస్తాయా అక్కా?" అన్నాడు. అదీ నిజమే.

నాకు మనసు చివుక్కుమనేది మాత్రం మా పనమ్మాయిని చూసినప్పుడే. ఆమెది రేకుల ఇల్లు. ఏసీ లేదు, కారు లేదు. మేం కాల్చిన దాంట్లో ఆమె కాల్చింది ఎన్నో వంతు? రాత్రంతా నిద్రలేక, పొద్దున్నే ఎర్రబడ్డ కళ్లతో వచ్చేది ఆమే.

అన్నీ విన్న అత్తయ్యగారు కాసేపు మాట్లాడలేదు. "అయితే ఎండ దేవుడిదే గానీ దుప్పటి మనదన్నమాట" అన్నారు చివరికి. ఇప్పుడు వడియాలు పొద్దున ఎనిమిదిలోపే పెట్టేసి కిందికి దిగుతున్నారు. మా ఏసీ 20 నుంచి 26కి మారింది. మధ్యాహ్నం పనమ్మాయిని ఎండలో పంపకుండా సాయంత్రం దాకా మా హాల్లోనే పడుకోమంటున్నాం. వీటితో భూమి చల్లబడిపోతుందని కాదు. కానీ తప్పు మనదని తెలిశాక కూడా సూర్యుణ్ణే తిట్టుకుంటూ కూర్చోలేం కదా! మీరేమంటారు?