వచ్చేవాడా, వస్తాడా?

మా వీధిలో ఎనిమిదో తరగతి చదువుతున్న అమ్మాయి ఒకతె ఉన్నది. మొన్న సాయంత్రం ఆ పిల్ల మా అరుగుమీద కూర్చుని ఉంటే, "నువ్వు రోజూ పొద్దున్నే ఏమేం చేస్తావమ్మా?" అని ఇంగ్లీషులో అడిగాను. ఆ పిల్ల తడుముకోకుండా, "ఐ యూజ్డ్ టు గెటప్ ఎట్ ఫైవ్. ఐ యూజ్డ్ టు డ్రింక్ మిల్క్" అన్నది.

"అయ్యో, పాలు మానేశావా? ఒంట్లో బాగాలేదా?" అన్నాను.

"మానలేదు తాతగారూ! రోజూ తాగుతాను" అన్నది ఆశ్చర్యంగా.

వాళ్ళ నాన్న పక్కనే ఉన్నాడు. "దాని మాటలో తప్పేముంది, మేష్టారూ? అలవాటని చెప్పింది గదా!" అన్నాడు. ఆయన తన ఆఫీసు ఉత్తరాలలో కూడా అలాగే రాస్తాడట.

నేను వాళ్ళను చూసి నవ్వలేదు. ఎందుకంటే, ఒకప్పుడు ఇదే తప్పు నేనూ చేశాను. దానివల్ల ఒక పిల్లవాడి చదువు ఆగిపోబోయింది.

అది 1986వ సంవత్సరం, జూన్ నెల. నేను బి.ఇడి. పూర్తిచేసి, ఒక పల్లెటూరి హైస్కూలులో చేరి మూడేళ్ళయింది. పై తరగతులకు ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. పదో తరగతి మంచి మార్కులతో ప్యాసయిన ఒక నేతపనివారి కుర్రవాడు నా దగ్గరికి వచ్చాడు. పట్నంలో ఒక కాలేజీవారు బీద విద్యార్థులకు హాస్టలులో ఉచితంగా చోటిస్తారనీ, అందుకు బడినుంచి ఉత్తరం తీసుకురమ్మన్నారనీ చెప్పాడు. హెడ్మాస్టరుగారు ఆ పని నాకు అప్పగించారు. నేను ఎంతో ఉత్సాహంగా పేజీ నిండా రాశాను. "హి యూజ్డ్ టు కమ్ టు స్కూల్ రెగ్యులర్లీ. హి యూజ్డ్ టు స్టడీ వెల్. హిజ్ ఫాదర్ యూజ్డ్ టు వీవ్ క్లాత్." ఇదీ వరస. ఆయన సంతకం పెట్టారు. కుర్రవాడు పట్నం వెళ్ళాడు.

నాలుగో రోజున వాడు తిరిగి వచ్చాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. అక్కడి ప్రిన్సిపాలుగారు ఉత్తరం చదివి, "ఒకప్పుడు బాగా చదివేవాడివట. బడికి సక్రమంగా వెళ్ళేవాడివట. తరవాత ఏమయింది?" అని అడిగారట. వీడికి ఏం చెప్పాలో తోచలేదు. అప్పుడాయన గొంతు తగ్గించి, "మీ నాన్న పోయి ఎంతకాలమయింది?" అన్నారట!

"పోలేదండీ, ఈపాటికి మగ్గం గుంటలో కూర్చుని నేస్తూ ఉంటాడండీ, అన్నాను. ఉత్తరంలో ఒకటి ఉంటే నువ్వొకటి చెబుతున్నావే, అన్నారండీ" అని కుర్రవాడు వెక్కుతూ చెప్పాడు.

కాగితం విప్పి చూశాను. ఏడుచోట్ల పెన్సిలు గీతలున్నాయి. ఏడూ ఒకే మాట కింద.

గడువు మర్నాటితో సరి. ఆ రాత్రే ఉత్తరం మళ్ళీ రాశాను. హెడ్మాస్టరుగారు సంతకం పెట్టి, "మీరు కూడా వెళ్ళండి" అన్నారు, అంతే. మొదటి బస్సులో ఇద్దరం వెళ్ళాం. తప్పు నాదని ప్రిన్సిపాలుగారితో చెప్పుకున్నాను. ఆయన కొత్త ఉత్తరం రెండుసార్లు చదివి, కుర్రవాడి పేరు తన పుస్తకంలో రాసుకున్నారు. బయటికి వచ్చాక చూసుకుంటే, నా చొక్కా వీపున పూర్తిగా తడిసిపోయి ఉన్నది.

ఇంతకూ ఈ మాటలో ఉన్న చిక్కేమిటి? పిల్లలూ, దీనికి మన తెలుగులోనే మంచి జోడీ ఉన్నది. వచ్చేవాడు, తాగేది, ఉండేవారు అంటామే, అదే ఇది. అప్పుడు జరిగేది, ఇప్పుడు లేదు. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంగ్లీషువారు ఇప్పటి అలవాట్లకు కూడా ఈ మాటను వాడేవారు. ఆ వాడుక క్రమంగా పోయింది. ఇప్పుడు అలవాటు చెప్పాలంటే వట్టి క్రియ చాలు: "ఐ డ్రింక్ మిల్క్ ఎవ్రీ డే."

దీన్ని పలకటంలో కూడా ఒక తమాషా ఉన్నది. రాసేటప్పుడు చివర 'డి' అక్షరం రాస్తాం. కాని "యూజ్డ్ టు" అని పలకరు, "యూస్ట్ టు" అంటారు. పక్కనున్న 'ట' పరుషం గదా, అది ముందున్నవాటిని కూడా తనవలె మార్చేసింది. మీరు సంధులు చదువుకునే ఉంటారు, ఇదీ అటువంటిదే. "మామిడికాయలు కోయటానికి వాడే కత్తి" అని చెప్పవలసివస్తే మాత్రం "ఎ నైఫ్ యూజ్డ్ టు కట్ మేంగోస్" అని 'జ' పలుకుతుంది. రాతలో ఒకటే, నోటిలో రెండు!

మరి అలవాటు అన్న అర్థం ఎక్కడినుంచి వచ్చింది? దీని పక్కింటి మాటనుంచి. "మై ఫాదర్ ఈజ్ యూస్ట్ టు సిట్టింగ్ ఎట్ ద లూమ్" అంటే, మగ్గం దగ్గర కూర్చోవటం మా నాన్నకు అలవాటే అని. ఇందులో "ఈజ్" ఉన్నది, "సిట్టింగ్" ఉన్నది. ఆ "ఈజ్" తీసేసి "యూస్ట్ టు సిట్" అన్నామా, నాన్న మగ్గం దిగిపోయినట్టే! నా ఉత్తరంలో జరిగింది అదే.

తెలుగు చెవి ఇక్కడ మనకు చాలా సాయం చేస్తుంది. "నేను తిరుపతికి మూడుసార్లు వెళ్ళేవాణ్ణి" అని చూడండి. ఎబ్బెట్టుగా లేదూ? "మూడుసార్లు వెళ్ళాను" అనాలి. "ఏడాదికి మూడుసార్లు వెళ్ళేవాణ్ణి" అంటే బాగుంటుంది. ఇంగ్లీషులోనూ సరిగ్గా ఇంతే. మొత్తం ఇన్నిసార్లని లెక్క చెప్పినచోట "వెంట్" అనాలి, "యూస్ట్ టు గో" కుదరదు.

అయితే ఆ చెవినే నమ్ముకున్నా ఒకచోట దెబ్బతింటాం. "నువ్వు పిలిచి ఉంటే నేను వచ్చేవాణ్ణి" అంటాం. ఇక్కడ వచ్చింది లేదు, పోయింది లేదు! ఇంగ్లీషులో దీన్ని "ఐ వుడ్ హావ్ కమ్" అనాలి. "యూస్ట్ టు" అని రాసే పిల్లలు ప్రతి ఏడూ నాకు తరగతికి నలుగురైదుగురు తగిలేవారు.

ప్రశ్న వేసేటప్పుడు "డిడ్" వస్తుంది గనక చివరి 'డి' రాయకూడదు. పలకటంలో తేడా ఏమీ ఉండదు.

ఇప్పుడు ఈ వాక్యాలను ఇంగ్లీషులోకి మార్చండి. "మా తాతయ్య ఏరు దాటి బడికి వెళ్ళేవాడు. ఆయనకు ఈత వచ్చు. ఒక ఏడు ఆ ఏటికి మూడుసార్లు వరద వచ్చింది. నీళ్ళకు భయపడటం ఆయనకు అలవాటు లేదు. వంతెన ఉండి ఉంటే ఆయన బడికి ఇంకా త్వరగా చేరేవాడు." మన మాట ఎన్నిచోట్ల వస్తుందో ముందు లెక్కపెట్టుకోండి. మా వీధి అమ్మాయి మూడుచోట్ల పెట్టింది, ఒకటి ఎక్కువ. వాళ్ళ నాన్న నాలుగుచోట్ల పెట్టాడు.