ఆంగ్ల దేశపు బడిలో ఆంగ్ల శాఖాధ్యక్షురాలు

ఇంగ్లండు దేశమున ఇంగ్లీషు బోధించుటలో కష్టమేమున్నదని మనలో పెక్కుమంది యనుకొందురు. తల్లి యొడిలో నేర్చిన భాషను బడిలో మరల నేర్పనేల యని వారి సందేహము. మన బిడ్డలకు తెలుగు చెప్పు పండితునకు గల చిక్కులన్నియు అచ్చటి ఇంగ్లీషు ఉపాధ్యాయినికిని గలవు. మాటలు నేర్పుట గాదు ఆమె పని. పుస్తకము చదివి దాని లోతు కనుగొనుటయు, కనుగొన్నదానిని చక్కగ వ్రాయుటయు నేర్పవలెను. అట్టి ఉపాధ్యాయినులు ఆరుగురో, ఎనమండుగురో ఉన్న పాఠశాలలో వారి పనినంతటిని ఒక త్రోవను నడిపించు నామెను ఆంగ్ల శాఖాధ్యక్షురాలందుము. పురుషులును ఈ పదవిలో పలువురున్నారు. సోదరీమణులకొరకు వ్రాయుచున్నాను గనుక ‘ఆమె’ యనియే వ్రాసెదను.

నేను చెప్పబోవునది అచ్చటి స్వతంత్ర పాఠశాలలను గూర్చి. ప్రభుత్వ ధనముతో గాక తలిదండ్రులిచ్చు ఫీజులతో నడచు బడులకు అచ్చట ఆ పేరు. ఇంగ్లండు పిల్లలలో నూటికి ఆరేడుగురు మాత్రమే వీనిలో చదువుదురు. 2024లో పగటి బడి ఫీజు సగటున ఏటికి 18,000 పౌనులుండెను. 2025 జనవరి నుండి దానిపై నూటికి 20 వంతున పన్నును గూడ ప్రభుత్వము విధించినది. దేశమంతటికిని నిర్ణయించిన పాఠ్యప్రణాళికను ఈ బడులు అనుసరించి తీరవలెనను నియమము లేదు. ఏ పుస్తకము చెప్పవలెనో, ఎట్లు చెప్పవలెనో వారి యిష్టము. వినుట కిది హాయిగనే యుండును. కాని అంత సొమ్ము పోసిన తలిదండ్రులు ఊరకుందురా?

ఈ శాఖకు వెనుకటి చరిత్ర కొంచెము గలదు. పూర్వము బాలుర గొప్ప బడులలో లాటిను, గ్రీకు భాషలే విద్య. ఇంగ్లీషు సాహిత్యము తేలిక చదువనియు, ఆడువారికిని కార్మికులకును చాలుననియు పెద్దల యభిప్రాయము. మన తెలుగు పండితునకు ఇంగ్లీషు మాస్టారి జీతమును మర్యాదయు దక్కని రోజులు తెలిసినవారి కిది వింతగ తోచదు. 1850లో లండనులో బాలికల పాఠశాల స్థాపించిన ఫ్రాన్సెస్ మేరీ బస్, 1858 మొదలు 1906లో మరణించువరకు చెల్టెన్‌హామ్ బాలికల కళాశాలను నడిపిన డొరొతియా బీల్, ఈ యిరువురును ప్రభుత్వ విచారణ సంఘము నెదుట నిలిచి, బాలికలకు గట్టి చదువు కావలెనని సాక్ష్యమిచ్చిరి. ఆక్స్‌ఫర్డులో ఆంగ్ల సాహిత్యమునకు ప్రత్యేక పట్ట పరీక్ష 1894లో గాని యేర్పడలేదు; ఆ విశ్వవిద్యాలయము స్త్రీలకు పట్టములిచ్చినది 1920లో. కేంబ్రిడ్జి వారు స్త్రీలకు పూర్తి పట్టములిచ్చుటకు 1948 రావలసివచ్చెను. అనగా మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడు!

ఇక పదవి మాట. పేరు పెద్దది, అధికారము చిన్నది. ఉపాధ్యాయినులను నియమించుట, తొలగించుట, జీతము పెంచుట ప్రధానోపాధ్యాయురాలి చేతిలోని పనులు. అధ్యక్షురాలు సలహా చెప్పవచ్చును గాని ఉత్తరువు చేయలేదు. ఆమె క్రింద పనిచేయువారందరును ఆమెతో సమానముగ చదివినవారు. ఒకరిద్దరు వయస్సున పెద్దలు గూడ. ఉమ్మడి కుటుంబములో పెద్దకోడలి స్థితి యెరిగినవారికి నేను వేరుగ చెప్పనక్కరలేదు. అత్తగారి పెత్తనము తనకు లేదు. కూరలో ఉప్పెక్కువైనచో మాటపడునది మాత్రము తానే. పైగా తానును తరగతులు చెప్పవలెను, వ్యాసములు దిద్దవలెను.

సెప్టెంబరులో బడి తెరచుటకు చాల ముందే ఎవరికి ఏ తరగతియో తేల్చవలెను. పదునెనిమిదేండ్ల బాలికలతో షేక్స్పియరు చదువుట అందరికిని ఇష్టమే. పదునొకండేండ్ల పిల్లలకు వాక్యము ముగియుచోట చుక్క పెట్టుట నేర్పుటకు ముందుకు వచ్చువారు తక్కువ. అనుభవము గలవారినందరిని పరీక్ష తరగతులకు పంపి, క్రొత్తగ వచ్చిన చిన్నదానికి చిన్న తరగతులన్నియు అంటగట్టినచో ఆ యేటి ఫలితములు మెరయును. ఐదేండ్లు తిరుగగానే ఆ చిన్న తరగతియే పరీక్షకు వచ్చి కూర్చుండును. ఒక శాఖ యెట్టిదో తెలియవలెనన్న, దాని యధ్యక్షురాలు పదునొకండేండ్ల పిల్లలకు పాఠము చెప్పునా యని అడిగిన చాలునని నా యభిప్రాయము.

పుస్తకముల యెంపిక అంతకంటె చిక్కు. పదునారవయేట పిల్లలు జి.సి.ఎస్.ఇ. యను పరీక్షకు, పదునెనిమిదవయేట ఎ-లెవెల్ పరీక్షకు కూర్చుందురు. ఈ పరీక్షలు జరుపు మండలులలో పెద్దదియగు ఎ.క్యు.ఎ. వారు 2015 నుండి బోధనకు పెట్టిన పట్టికలో పందొమ్మిదవ శతాబ్దపు కథలు ఏడు గలవు. ఏడింటిలో మూడు స్త్రీలు వ్రాసినవే. ఇంగ్లండులోని ఒక బొగ్గుగనుల పల్లెలో పెరిగిన పంజాబీ బాలిక కథను మీరా స్యాల్ వ్రాసినది. ఆ నవలయు వారి ఆధునిక గ్రంథముల పట్టికలో నుండెను. అయినను 2021లో వెలువడిన ఒక నివేదికను బట్టి, ఇంగ్లండులో జి.సి.ఎస్.ఇ. సాహిత్యము చదువు పిల్లలలో స్త్రీ వ్రాసిన పుస్తకము చదివినవారు నూటికి ఏడుగురు. తెల్లజాతివారు కాని రచయితల పుస్తకము చదివినవారు నూటికి ఒక్కరైనను లేరు.

పట్టికలో నుండియు పిల్లల చేతికి రాకపోవుటకు కారణము ద్వేషము గాదు, పుటల సంఖ్య! 2017 నుండి ఈ సాహిత్య పరీక్షకు పుస్తకము తీసికొనిపోగూడదు. ముఖ్య వాక్యములు కంఠస్థము చేయవలెను. డికెన్సు వ్రాసిన ‘క్రిస్మస్ కారల్’ చిన్న పుస్తకము. ‘జేన్ ఐర్’ దానికి ఎన్నో రెట్లు. మార్కులకొరకు ఎదురుచూచు తల్లి యొకవైపు, అల్మారా నిండ పాత పుస్తకములను, సిద్ధమైన పాఠములను ఉంచుకొన్న సహోద్యోగినులొకవైపు ఉండగా, పెద్ద పుస్తకము నెన్నుకొను అధ్యక్షురాలికి గుండె ధైర్యము కావలెను. తెలివైనవారు మరియొక దారి పట్టుదురు. పరీక్షల నీడ పడని పండ్రెండు పదుమూడేండ్ల తరగతులలో తమ స్వాతంత్ర్యమును నిజముగ వాడి, పట్టికలో పట్టని పుస్తకములను అచ్చటనే చదివింతురు.

ఇంతవరకు చెప్పిన వాటికంటెను బరువైనది మార్కుల మాట. లెక్కకు ఒక్కటే జవాబు, వ్యాసమునకట్లు గాదు. పరీక్షలను పర్యవేక్షించు ఆఫ్‌క్వాల్ అను ప్రభుత్వ సంస్థ 2018లో ఒక పరిశీలన ప్రకటించినది. అనుభవముగల పెద్ద పరీక్షకుడు దిద్దిన వచ్చు శ్రేణియే విద్యార్థికి వచ్చుట గణితమున నూటికి 96 పాళ్లు సంభవమట. ఆంగ్ల భాషయు సాహిత్యమును కలిసిన ఎ-లెవెల్ పరీక్షలో 52 పాళ్లు మాత్రమే! ఇందులో మోసమేమియు లేదు. చదువరులైన ఇద్దరు ఒకే వ్యాసమును చదివి భిన్నముగ తలంచుట సహజము. కాని విశ్వవిద్యాలయములో చోటు ఆ శ్రేణి మీదనే యాధారపడియున్న బాలిక కా సహజత్వము ఓదార్పగునా?

అందుచేత ఎ-లెవెల్ సాహిత్యములో నూటికి ఇరువది పాళ్లు మార్కులుగల వ్యాసములను బడిలోనే దిద్దునప్పుడు శాఖ యంతయు ఒక బల్ల చుట్టు కూర్చుండును. ఒకే వ్యాసమును, వ్రాసినదాని పేరు కప్పి, అందరును చదువుదురు. ఎవరి మార్కును వారు చీటిమీద వ్రాసి ఒక్కమారు బయటపెట్టుదురు. ఒకరు పదునెనిమిది, ఒకరు పదునాలుగు వేసియుందురు. అప్పుడు వాదము. తన శిష్యురాలి వ్యాసమని పోల్చుకొన్న యామె దానిని విడిచిపెట్టదు. ఆ పిల్ల యెంత కష్టపడినదో తానెరుగును గదా! అయినను అధ్యక్షురాలు ఆ పిల్లను గాక కాగితమును చూడుమని మెత్తగ చెప్పవలెను. మే 15వ తేదీకి మార్కులు పరీక్షా మండలికి చేరవలెను. మండలివారు కొన్ని వ్యాసములను తెప్పించి చూతురు. ఉదారముగ వేసినట్లు తోచినచో ఆ బడి మార్కులను తగ్గింతురు. ఒక్క ఉపాధ్యాయిని జాలివలన అందరి పిల్లలకును నష్టము.

2020లో కోవిడ్ వలన పరీక్షలు రద్దయినప్పుడు ఈ భారము పదింతలైనది. ఏ పిల్లకు ఏ శ్రేణి వచ్చియుండునో బడులే నిర్ణయించి, పిల్లలను మొదటినుండి కడవరకు వరుసగ నిలిపి పంపవలసివచ్చెను. ఆ పట్టికపై విషయము బోధించు ఇద్దరు సంతకము చేయవలెను. వారిలో ఒకరు శాఖాధ్యక్షురాలు. ఫలితములకు ముందు తలిదండ్రులకు చెప్పగూడదు. 2021లోను ఉపాధ్యాయులే శ్రేణులిచ్చిరి. స్వతంత్ర పాఠశాలల ఎ-లెవెల్ ఫలితములలో అన్ని విషయములును కలిపి మొదటి రెండు శ్రేణులు 2019లో నూటికి 45 ఉండగా 2021లో 70కి చేరెను. ఫీజులిచ్చువారి కొరకు చేయి వదులు చేసిరని దేశములో గొప్ప గోల పుట్టెను. అన్ని బడులలోను శ్రేణులు పెరిగినమాట నిజమే. కాని ఈ బడులలో పెరిగినంతగ ఇతరములలో పెరుగలేదనుటయు నిజమే. సంతకము పెట్టిన ప్రతి స్త్రీయు అన్యాయము చేసినదని నేననను. బిడ్డ మేలు కోరి వ్రాసిన మార్కునకును, తల్లి కోపమునకు జడిసి వ్రాసిన మార్కునకును కాగితముమీద భేద మగపడదు.

ఇప్పుడు మరల పరీక్షలే. ఆగస్టులో ఫలితములు వచ్చిన దినమున అధ్యక్షురాలి గదికి తల్లులు వత్తురు. దిద్దిన కాగితములను తెప్పించి చూచుకొను హక్కు గలదు. తిరిగి పరిశీలింపుమని కోరవచ్చును. కాని దిద్దుటలో స్పష్టమైన పొరపాటు కనబడిననే మార్కు మారును; తగ్గుటకు గూడ వీలున్నది. అధ్యక్షురాలు ఆ కాగితములను ఆసాంతము చదివి, ఆ తల్లితో ఉన్నమాట చెప్పవలెను. ‘ఇచ్చట పరీక్షకుడు తప్పినాడు, సొమ్ము కట్టుడు’ అని కొందరికి, ‘మీ యమ్మాయి ప్రశ్నను సగమే చదివినది’ అని కొందరికి.