పెరటి కంప, పొక్లెయిన్ రేక్

(సర్రీలోని తెలుగు శ్రోతల కోసం చేసిన రేడియో ప్రసంగానికి అక్షర రూపం)



ఈ వారం మన విషయం పెరటి కంప. సర్రీలో పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళలో చాలామందికి ఇంటితో పాటు వెనక ఒక చిన్న అడవి కూడా వస్తుంది. ముందు వైపు పచ్చిక నున్నగా కత్తిరించి ఉంటుంది. వెనక్కి వెళితే మనిషిని మించిన ముళ్ళపొద, దాని మధ్యలోంచి పైకొచ్చిన ఆల్డర్ మొక్కలు, ఎక్కడో పక్కింటి కంచె. పిల్లలకు ఊయల వేద్దామన్నా, నాలుగు వంగ మొక్కలు పెడదామన్నా అడుగు పెట్టే చోటుండదు. ఎవరిని అడిగినా "ఒక రోజు మిషను పెట్టించండి, అయిపోతుంది" అంటారు. ఆ మాట సగమే నిజం. మిషను పని చాలావరకు ఒక రోజుదే. కానీ ఆ రోజుకి ముందు కొన్ని వారాల పని ఉంది, తర్వాత రెండు మూడేళ్ళ పని ఉంది. ఆ రెండూ వదిలేసి మధ్యలో ఉన్న ఒక్క రోజుకే డబ్బు పెట్టిన పెరళ్ళు మూడో ఏడుకి మళ్ళీ మొదటికి వస్తాయి.

ముందు శత్రువెవరో తెలుసుకుందాం. ఇక్కడ మనం చూసే ముళ్ళపొదల్లో ఎక్కువ భాగం హిమాలయన్ బ్లాక్‌బెర్రీ. పేరు విని మన దేశపు మొక్క అనుకుంటాం. కాదు. దీని పుట్టిల్లు ఆర్మేనియా, ఉత్తర ఇరాన్ ప్రాంతం. కాలిఫోర్నియాలో లూథర్ బర్బ్యాంక్ అని పేరుమోసిన మొక్కల పెంపకందారు ఉండేవాడు. ఇండియా నుంచి తెప్పించుకున్న విత్తనాల్లో ఇది వచ్చింది కాబట్టి దానికి "హిమాలయా జయంట్" అని పేరు పెట్టి 1885లో జనంలోకి వదిలాడు. పండు పెద్దది, తియ్యటిది, కాపు బాగా ఉంది. జనం ఆశగా నాటుకున్నారు. పక్షులు పండ్లు తిని మిగతా పని చేశాయి. ఇవాళ కాలిఫోర్నియా నుంచి బ్రిటిష్ కొలంబియా దాకా రోడ్ల పక్కన, రైలు పట్టాల వెంట, కాలువ గట్ల మీద అదే మొక్క.

కడప వైపు నుంచి వచ్చిన శ్రోతలకు ఈ కథ కొత్తగా అనిపించదు. సర్కారు తుమ్మ కథ కూడా ఇదే. జమైకా నుంచి విత్తనాలు తెప్పించి 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురంలో నాటించారు. బీడు నేలకు పచ్చదనం, ఊరికి వంటచెరకు అని మంచి ఉద్దేశంతోనే తెచ్చారు. తర్వాత చెరువుల్లోకి, పొలాల్లోకి అది ఎలా పాకిందో మనకు తెలుసు. పైన నరికితే కింద నాలుగు పిలకలేసే గుణం రెండింటికీ ఉంది. సర్కారు కంప నరికించిన రైతుకు బ్లాక్‌బెర్రీ గురించి కొత్తగా చెప్పాల్సింది పెద్దగా లేదు.

బ్లాక్‌బెర్రీ బలం పైన కనిపించే ముళ్ళ కొమ్మల్లో లేదు. నేలలో మొదలు దగ్గర ఒక గట్టి ముద్ద ఉంటుంది. దుంప అందాం. ఏటా కొత్త కొమ్మలు అక్కడి నుంచే లేస్తాయి. మొదటి ఏడు కొమ్మ పెరుగుతుంది, రెండో ఏడు కాస్తుంది, తర్వాత ఎండిపోతుంది. ఎండినవాటి మీద కొత్తవి ఎక్కుతాయి. కొమ్మ చివర వంగి నేలను తాకితే అక్కడ వేరు పోసుకుని ఇంకో మొక్క అవుతుంది. తెగిన వేరు ముక్క కూడా మొలకెత్తగలదు. విత్తనాలు మట్టిలో ఏళ్ళ తరబడి బతికుంటాయి. అంచేత కత్తితో నరికినా, గడ్డి కోసే యంత్రంతో కొట్టినా అది క్షవరం చేయించుకున్నట్టే. దుంప బయటికి రావాలి.

రేక్ అవసరం ఇక్కడే వస్తుంది. మనం పొక్లెయిన్ అనే బండిని ఇక్కడ ఎక్స్‌కవేటర్ అంటారు. పొక్లెయిన్ అనేది ఒక ఫ్రెంచి కంపెనీ పేరు, మన దగ్గర బండి పేరైపోయింది. జేసీబీ కూడా అంతే, అది ఇంగ్లండు కంపెనీ. ఎక్స్‌కవేటర్ చేతికి మామూలుగా బకెట్ ఉంటుంది. బకెట్‌తో కంప తీస్తే దుంపతో పాటు మట్టంతా వస్తుంది. పైనుండే జానెడు మట్టే నేలకు ప్రాణం, అది చెత్త కుప్పలోకి పోతుంది. పెరట్లో గుంట మిగులుతుంది. చెత్త ఎత్తుకుపోయేవాడు బరువు లెక్కన డబ్బు తీసుకుంటే మన మట్టిని పారేయడానికి మనమే డబ్బు కట్టినట్టు.

రేక్ అంటే బకెట్ స్థానంలో తగిలించే వంకర పళ్ళ చట్రం. మన గొర్రుకు పళ్ళుంటాయి కదా, వాటిని లావుగా చేసి, ముందుకు వంచి, వరసగా అతికించినట్టు ఊహించుకోండి. పళ్ళ మధ్య సందుల్లోంచి మట్టి జారిపోతుంది, వేళ్ళు, దుంపలు, కొమ్మలు చిక్కుకుంటాయి. దానికి ఎదురుగా మడిచి పట్టుకునే ఇనుప వేలు ఒకటి ఉంటుంది. ఆపరేటర్లు దాన్ని థంబ్ అంటారు, బొటనవేలే. థంబ్ లేని రేక్ దువ్వెన లాంటిది, లాగుతుందే గాని ఎత్తలేదు. ఫోనులో మాట్లాడేటప్పుడే "రేక్ ఉందా, థంబ్ ఉందా" అని అడగండి.

తెలిసిన ఆపరేటరు పని చూస్తే ముచ్చటగా ఉంటుంది. ముందు పైనున్న కొమ్మల మేటను ఒక అంచు నుంచి చాపలా చుట్టుకుంటూ వస్తాడు. నేల కనిపించాక రేక్ పళ్ళను దుంప కిందికి దించి, మెల్లగా లేపి, గాల్లో నాలుగుసార్లు విదిలిస్తాడు. మట్టి రాలాక కుప్పలో వేస్తాడు. ఒక వరస అయ్యాక అదే నేలను ఇంకోసారి దువ్వుతాడు. తెగి మిగిలిన వేళ్ళు ఆ రెండో దువ్వుడులోనే వస్తాయి. తొందరపడేవాడు దీన్నే వదిలేస్తాడు, కాబట్టి మాట్లాడుకునేటప్పుడే రెండుసార్లు అని చెప్పాలి. కుప్పను ఒకటి రెండు రోజులు ఎండనిచ్చి మళ్ళీ విదిలిస్తే ఇంకా మట్టి దిగుతుంది.

రేక్‌తో చేయకూడనివీ ఉన్నాయి. చేతి మణికట్టంత ఆల్డర్ మొక్కల్ని వేళ్ళతో సహా లాగేస్తుంది. పెద్ద చెట్టును దానితో నెట్టడం, గుద్దడం తప్పు. పళ్ళు వంగుతాయి, చెట్టు ఎటు పడుతుందో ఎవరికీ తెలియదు. పెద్ద మోడు తీయడానికి వేరే పనిముట్టు ఉంది. ఇంకో చిట్కా: తీసేయాల్సిన చిన్న చెట్టును నేలమట్టానికి కోయించకండి. నడుము ఎత్తు మొద్దు వదిలితే మిషనుకు అది మీటలా పట్టు ఇస్తుంది.

ఇక మిషను రాకముందు చేయాల్సినవి. నా దృష్టిలో అసలు డబ్బు పోయేదీ, మిగిలేదీ ఇక్కడే.

మొదటిది చెట్లు. సర్రీ నగరానికి 2006లో వచ్చిన చెట్ల రక్షణ బైలా ఉంది, నంబరు 16100. అది గీసిన గీత 30 సెంటీమీటర్ల అడ్డకొలత. అంతకు మించిన చెట్టు మన స్థలంలో ఉన్నా, మనమే నాటినా అనుమతి లేకుండా కొట్టకూడదు. ఆర్బుటస్, గ్యారీ ఓక్ లాంటి కొన్ని జాతులకు సన్నగా ఉన్నా రక్షణ ఉంది. అడ్డకొలత చూడటం కష్టమనుకుంటే కుట్టుపని టేపు తీసుకుని ఛాతీ ఎత్తులో చెట్టు చుట్టూ కొలవండి. 94 సెంటీమీటర్లు, అంటే సుమారు 37 అంగుళాలు దాటితే ఆ చెట్టు బైలా కిందికి వచ్చినట్టే. నియమాలు సవరిస్తూ ఉంటారు కాబట్టి పని పెట్టుకునే ముందు నగర కార్యాలయంలో ఒకసారి అడగాలి. కంపలో మునిగిపోయిన చెట్టు మొదలు బయటికి కనబడదు. అందుకని ముందుగా చేత్తో దారి చేసుకుని వెళ్ళి, ఉంచాల్సిన ప్రతి చెట్టుకూ రంగు రిబ్బను కట్టండి. "ఆపరేటరు చూసుకుంటాడులే" అనుకోవద్దు. జరిమానా నోటీసు వచ్చేది ఇంటివాళ్ళ పేరునే.

ఈ ఊరికి చెట్ల మీద అంత పట్టుదల ఎందుకంటే ఒకప్పుడు పోగొట్టుకున్న ఊరు గనుక. గ్రీన్ టింబర్స్ అని మనం నడకకు వెళ్ళే అడవి ఉంది కదా, అక్కడి మహావృక్షాలను 1930 నాటికి పూర్తిగా కొట్టేశారు. అదే ఏడు అక్కడే మళ్ళీ మొక్కలు నాటడం మొదలైంది. ఈ రాష్ట్రంలో అడవిని తిరిగి పెంచే పని అక్కడే పుట్టిందని చెబుతారు.

ఉంచే చెట్టుకు మిషను కూడా దూరంగా ఉండాలి. ఇనుప పట్టాల బరువుకు మట్టి బిగుసుకుపోతే వేళ్ళకు గాలి ఆడదు, చెట్టు మూడేళ్ళ తర్వాత నిలువునా ఎండుతుంది. మామూలు లెక్క కాండం మందానికి ఆరు రెట్లు. అర మీటరు మందం చెట్టు అయితే చుట్టూ 3 మీటర్లు తాడు కట్టి వదిలేయాలి. అందులో ఉన్న కంప చేత్తోనే తీయాలి, వేరే దారి లేదు.

రెండోది నేల కింద ఏముందో. బీసీ వన్ కాల్ అనే సేవ ఉంది, ఉచితం. కొన్ని రోజుల ముందే చెబితే గ్యాసు, కరెంటు, టెలిఫోను లైన్ల వివరాలు ఆయా సంస్థల నుంచి వస్తాయి. కానీ ఇంటి నుంచి షెడ్డుకు ఎవరో పాత యజమాని వేసుకున్న కరెంటు తీగ, సెప్టిక్ ట్యాంకు, పూడ్చిపెట్టిన పాత నూనె ట్యాంకు వాళ్ళ లెక్కల్లో ఉండవు. అవి మనమే వెతుక్కోవాలి. పైనా చూడాలి. వీధి కరెంటు తీగలకు మిషను చెయ్యి 3 మీటర్లలోపు వెళ్ళకూడదు.

మూడోది నీళ్ళు. పెరటి చివర పారేది మురుగు కాలువలా కనబడినా అది సర్పెంటైన్‌లోనో నికోమెకల్‌లోనో కలిసే సాల్మన్ వాగు కావచ్చు. వాగుల పక్క నేలకు రాష్ట్ర నియమాలు, నగర నియమాలు రెండూ ఉన్నాయి. 30 మీటర్లలోపు వాగు ఉంటే నగరాన్ని అడగకుండా రేక్ దించవద్దు. బురద నీళ్ళు సాల్మన్ గుడ్లను ఊపిరాడకుండా చేస్తాయి.

నాలుగోది, కంపలో బ్లాక్‌బెర్రీ కానిది ఏమైనా ఉందేమో. వెదురులా కణుపులతో, బోలుగా, గుండె ఆకారం ఆకులతో గుబురుగా ఉంటే అది నాట్‌వీడ్ అయి ఉండొచ్చు. దాన్ని రేక్‌తో తీశారో, పెరడంతా నాటినట్టే. వేరు ముక్క గోరంత ఉన్నా చాలు మొలుస్తుంది, మిషను పట్టాలకు అంటుకుని పక్క వీధికీ పోతుంది. మనిషికి రెండింతల ఎత్తు, గొడుగులాంటి తెల్లపూలు ఉంటే జయంట్ హాగ్‌వీడ్. దాని పాలు ఒంటికి తగిలి ఎండ పడితే బొబ్బలెక్కుతాయి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఈ రెండూ ఉంటే మిషను మాట తర్వాత, ముందు తెలిసినవాళ్ళను పిలవాలి.

ఎప్పుడు చేయించాలి? మార్చి నుంచి ఆగస్టు మధ్య దాకా పక్షులు గూళ్ళు కట్టే కాలం. గుడ్లు, పిల్లలు ఉన్న గూడు చెరపడం చట్టరీత్యా నేరం, ముళ్ళపొద వాటికి ఇష్టమైన కోట కూడాను. నవంబరు వచ్చిందంటే వాన, మన బంకమట్టిలో మిషను దిగబడుతుంది. మిగిలింది ఆగస్టు చివర నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా. అప్పుడు ఆపరేటర్లకు గిరాకీ ఎక్కువ, జూన్‌లోనే మాట్లాడి పెట్టుకోండి. మాట్లాడేటప్పుడు ఇన్సూరెన్సు కాగితం, వర్క్‌సేఫ్ బీసీ క్లియరెన్సు లెటరు అడగాలి. మొహమాటపడొద్దు, ఇక్కడ ఎవరూ తప్పుపట్టరు. పని జరుగుతుండగా బండి చెయ్యి తిరిగే మేరలో ఎవరూ ఉండకూడదు. తాతగారైనా సరే, కిటికీలోంచే చూడాలి.

తీసిన కంపను పెరట్లో తగలబెట్టడానికి నగరం ఒప్పుకోదు. పచ్చి చెత్త తీసుకునే చోటికి పంపాలి. ఆల్డర్ కొమ్మలు ముక్కలు చేయిస్తే మీకే పనికొస్తాయి.

ఇంత చేశాక నేల నల్లగా, శుభ్రంగా కనబడుతుంది. బ్లాక్‌బెర్రీ విత్తనానికి కావలసిందీ అదే, వెలుతురు తగిలే ఖాళీ మట్టి. వారంలోపే కప్పేయండి. నాలుగు చెట్లుండే చోట ఆ చెక్క ముక్కలు జానెడు మందాన, ఎండ తగిలే చోట గడ్డి గానీ క్లోవర్ గానీ. వాలు నేల అయితే స్నోబెర్రీ, స్వోర్డ్ ఫెర్న్ లాంటి ఇక్కడి మొక్కలు దగ్గరదగ్గరగా నాటితే వానకు మట్టి కొట్టుకుపోదు. కూరగాయల మడికి మాత్రం ఒక ఏడాది ఆగమనే చెబుతాను. మొదటి వేసవిలో వచ్చే పిలకల మధ్య బెండ మొక్కలు కాపాడటం నరకం.

ఏప్రిల్ నుంచి నెలకోసారి ఒక చిన్న పార పట్టుకుని పెరడంతా తిరగండి. ఆకు మూడుగా, కాడకు సన్న ముళ్ళతో ఏది కనబడ్డా వేరుతో తవ్వండి. అప్పుడది వేలంత ఉంటుంది, తేలిగ్గా వచ్చేస్తుంది. మూడు వేసవులు ఇలా తిరిగితే దుంపల పని తీరుతుంది. పక్కింటి వైపు కంచె దగ్గర మాత్రం ఆ తర్వాతా తిరుగుతూనే ఉండాలి, కొమ్మలు అటునుంచి వంగి వస్తుంటాయి. ముందే పక్కింటివాళ్ళతో మాట్లాడి ఇద్దరూ కలిసి ఒకే రోజు మిషను పెట్టించుకుంటే బండి తెచ్చే ఖర్చు సగమవుతుంది, కంచె ఇవతలా అవతలా ఒకేసారి శుభ్రమవుతుంది.