మణికట్టు మీది కరణం

పల్లెటూళ్ళలో కరణీకం 1984లోనే రద్దయిపోయింది. కాని ఈ మధ్య కోనసీమలో పొద్దున్నే ఏ కాలవగట్టు మీదికి వెళ్ళినా కొత్త కరణంగారొకరు దర్శనమిస్తున్నారు. ఈయనకు చావడి అక్కరలేదు, మణికట్టు మీదనే కొలువు. అడుగు వేస్తే పద్దు రాస్తాడు, గుండె కొట్టుకుంటే రాస్తాడు, నిద్రలో అటునుంచి ఇటు దొర్లినా రాస్తాడు. స్మార్ట్ వాచీ అనండి, ఫిట్‌నెస్ బాండ్ అనండి, చేసే ఉద్యోగం ఒకటే. వెనుకటికి అమలాపురంలో వేళ ఎంతయిందో తెలియాలంటే జనం గడియారస్తంభం వైపు తలెత్తి చూసేవారు. ఇప్పుడు తల వంచి చూసుకుని, "ఇంకా పదిహేనువందల అడుగులు బాకీ" అంటూ ఇంటిదాకా వచ్చినవారు కూడా మరో చుట్టు తిరిగి వస్తున్నారు. మంచిదే. నడిచి చెడినవారు లేరు.

చిక్కంతా ఈ పద్దును తీసుకుపోయి మరొక పద్దులో కలిపినచోట వస్తున్నది.

ఆ రెండో పద్దు ఫోనులో ఉంటుంది. ఉదయం ఎన్ని ఇడ్లీలు తిన్నారు, మధ్యాహ్నం అన్నం ఎంత, మజ్జిగ ఎంత అని మనచేత రాయించుకుని కేలరీలు లెక్కగట్టే యాప్ అది. మన వయస్సు, ఎత్తు, బరువు చూసి, "రోజుకు మీకు పద్ధెనిమిది వందలు" అని ఒక బడ్జెట్టు మంజూరు చేస్తుంది. వాచీని దీనికి జోడించామా, వాచీ చెప్పిన ఖర్చును యాప్ మన ఖాతాలో జమ కట్టేస్తుంది. నాలుగువందలు ఖర్చుపెట్టారు గనుక ఇంకో నాలుగువందలు తినవచ్చునని సెలవిస్తుంది. మనిషికి ఇంతకన్న ఇంపైన మాట ఏముంటుంది?

రాజోలు వైపు నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయులున్నారు. చక్కెర వ్యాధి. విదేశంలో ఉన్న కూతురు వాచీ కొని పంపింది. రోజూ తెల్లవారుజామున గంటసేపు నడుస్తారు. వాచీ నాలుగువందలంటుంది, రాత్రి భోజనమైన తరువాత, "మిగులు బడ్జెట్టేనోయ్" అంటూ ఆత్రేయపురం పూతరేకు ఒకటి విప్పుతారు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన మిఠాయి, పొరుగునే దొరుకుతుంది, వద్దనడం ఎవరి తరం? మూడు నెలలు ఒక్కపూట మానకుండా నడిచి ఆయన రెండున్నర కిలోలు పెరిగారు. అక్కడ కూతురు నాన్నగారి అడుగుల లెక్క ఫోనులో చూసుకుని సంతోషపడుతూనే ఉన్నది. ఇక్కడ తల్లిగారు మాత్రం మందుల చీటీ మారినప్పుడల్లా వాచీ వంక గుర్రుగా చూస్తున్నారు.

లోపం నడకలో లేదు, లెక్కలో ఉన్నది. ఊరకే కూర్చున్న మనిషి శరీరం కిలో బరువుకు గంటకు సుమారు ఒక కేలరీ ఖర్చు చేస్తుంది. గంటకు అయిదు కిలోమీటర్ల లోపు వేగంతో నడిస్తే దానికి సుమారు మూడున్నర రెట్లు. అంటే డెబ్బై కిలోల మనిషి గంట నడిస్తే 245. అందులో డెబ్బై ఆయన అరుగు మీద కూర్చున్నా ఖర్చయ్యేవే. అవి పద్ధెనిమిది వందల బడ్జెట్టులో ముందే చేరి ఉన్నాయి. నడక వల్ల అదనంగా పోయినవి 175. వాచీ వేసినవి నాలుగువందలు. తేడా రెండువందల పాతిక, అంతా కడుపులోకే! కొవ్వు కిలోకు సుమారు 7,700 కేలరీలని చెబుతారు గనుక, నెల తిరిగేసరికి అది కిలోకు కాస్త తక్కువ. మూడు నెలల రెండున్నర కిలోలకు ఇంక వేరే సాక్ష్యం ఎందుకు?

వాచీలు అంత తప్పు వేస్తాయా అంటే, వేస్తాయి. 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు ఏడు రకాల వాచీలను అరవైమందికి తొడిగి పరీక్షించారు. గుండె వేగం ఏడింటిలో ఆరు బాగానే చెప్పాయి, అయిదు శాతం లోపు తేడాతో. కేలరీల దగ్గరకు వచ్చేసరికి అన్నిటిలో మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. అన్నిటికన్న నాసిది 93 శాతం. యంత్రాలు అప్పటినుంచి బాగుపడి ఉండవచ్చు. అయినా మణికట్టు నుంచి శరీరమంతటి ఖర్చును ఊహించడమనే పని మాత్రం ఊహగానే ఉన్నది.

వాచీకి తెలిసినదల్లా చేతి కదలిక, చర్మం కింద నెత్తురు పొంగు. కాళ్ళు దానికి కనబడవు. గడపలో కూర్చుని పదినిమిషాలు వరసగా కొబ్బరి కోరిన ఇల్లాలికి అది అడుగులు జమకట్టినా కట్టవచ్చు. గతుకుల రోడ్డు మీద మోటారుసైకిలెక్కి పోయినవారికీ కొన్ని దక్కుతాయి. కనుమనాడు జగ్గన్నతోట తీర్థంలో ప్రభను భుజాన ఎత్తుకుని, రెండుచేతులా బొంగు పట్టుకుని, పంటచేల మీదుగా కౌశిక దాటించే కుర్రవాళ్ళ సంగతి చూడండి. 2023లో గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా ఊరేగింది ఈ తీర్థమే. వాళ్ళ రొమ్ములు ఎగసిపడుతుంటాయి, చేయి మాత్రం ఊగదు. వాచీ లెక్కలో వాళ్ళు సోమరులు! కొబ్బరి దింపు తీసేవారి శ్రమకు తగిన పేరు యాప్‌లో వెదకబోతే మెట్లెక్కడమో, కొండలెక్కడమో చూపిస్తుంది. చెట్టెక్కడం ఎవరికి గుర్తుంటుంది?

మరి పదివేల అడుగులంటారే అని ఎవరైనా అడగవచ్చు. అది ఏ వైద్యుడూ రాసిన చీటీ కాదు. 1965లో జపానులో ఒక కంపెనీ అడుగులు లెక్కించే పరికరం అమ్ముతూ, దానికి "పదివేల అడుగుల మీటరు" అనే అర్థమిచ్చే పేరు పెట్టుకుంది. ఆ పేరే వేదవాక్కయి కూర్చున్నది.

ఇంతకన్న పెద్ద పొరపాటు మన చేతుల్లోనే జరుగుతున్నది. వాచీ నడకను రాస్తుంది. జేబులో ఫోనూ అదే నడకను రాస్తుంది. ఇంటికి వచ్చి మనం "నడక, ఒక గంట" అని యాప్‌లో స్వహస్తాలతో మళ్ళీ రాస్తాము. పోతే మొదటిరోజున మీ జీవనవిధానం ఎట్టిదని యాప్ అడిగినప్పుడు "చురుకైనది" అని గర్వంగా నొక్కి ఉంటాము, ఆ నడక అందులోనూ చేరింది. ఒకే భూమికి నాలుగు దస్తావేజులు! రాసేవాడు ఒక్కడే ఉండాలి. వాచీ కట్టుకున్నవారు చేత్తో రాయడం మానాలి. జీవనవిధానం "కూర్చుని చేసే పని" అని మార్చుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోనుల్లో హెల్త్ కనెక్ట్, ఆపిల్ ఫోనుల్లో హెల్త్ అనేవి ఉన్నాయి. వాచీ మాట ముందా, ఫోను మాట ముందా అని వరస పెట్టుకొనే వీలు వాటిలో ఉన్నది. వాచీనే ముందుంచండి. మై ఫిట్‌నెస్ పాల్ వాడేవారు నెగెటివ్ ఎడ్జస్ట్‌మెంట్ అనే మీట నొక్కి ఉంచాలి. అది లేకపోతే నడిచిన రోజున కలుపుతుందే గాని, ముసురు పట్టి ఇంట్లో పడుకున్న రోజున తీసివేయదు. జమ తప్ప ఖర్చు రాయని కరణాన్ని ఎవరు నమ్ముతారు?

వాచీ కట్టుకోవడానికీ ఒక తీరున్నది. మణికట్టు ఎముకకు కొంచెం పైన, జారకుండా, బిగించకుండా కట్టాలి. గాజులు దాన్ని నెడుతుంటే గుండె లెక్క తప్పుతుంది. పాతకాలపు పచ్చబొట్టు ఉన్న చేయి వద్దు, ఆ రంగు వాచీ వెలుగును అడ్డుకుంటుంది. ఏ చేతికి కట్టారో, మీ అసలు బరువెంతో దానికి నిజం చెప్పండి. పెళ్ళినాటి బరువు చెబితే లాభం లేదు. అప్పుడు కాలవగట్టున నోటితో వంద అడుగులు లెక్కపెట్టుకుని, వాచీ ఎన్ని అన్నదో చూడండి. పది అటూ ఇటూ అయితే ఫరవాలేదు.

తిండి పద్దులో మనవాళ్ళకు దెబ్బ తగిలేది అన్నం దగ్గర. వంద గ్రాముల బియ్యానికి సుమారు 350 కేలరీలు. వండిన అన్నం వంద గ్రాములకు 130 దాటదు. యాప్‌లో ఒకటికి బదులు మరొకటి నొక్కితే పూటభోజనం తారుమారు. హస్తంతో వడ్డించుకున్నదాన్ని ఒక్క వారం తూచి చూస్తే చాలు, తరువాత కంటికే తెలుస్తుంది. ఇక "కూరగాయల కూర" అని యాప్ చూపించేదానికి మన ఇంటి కూరలోని కొబ్బరి కోరు సంగతి తెలియదు. పచ్చికొబ్బరి వంద గ్రాములు నాలుగువందల పైమాటే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 భారతీయ ఆహారాల విలువలను పుస్తకంగా అచ్చువేసింది. సందేహం వచ్చినప్పుడు ఎవరో రాసిన యాప్ అంకె కన్న అది మేలు.

వాచీ ఇచ్చిన కేలరీలలో సగానికి మించి తినకుండా, వారానికొకసారి, ఒకే వారంనాడు పరగడుపున బరువు చూసుకుంటూ నెలరోజులు గడపండి. తగ్గవలసిన బరువు పెరుగుతూ ఉంటే ఆ సగాన్నీ వదులుకోవలసిందే.

ఇన్సులిన్ తీసుకునేవారికీ, చక్కెరను దింపే కొన్ని మాత్రలు వేసుకునేవారికీ ఇది చాలదు. నడకపూట ఎంత తినాలి, మందు ఎంత అనేది వారి డాక్టరు చెప్పాలి. వాచీ చెప్పరాదు, యాప్ చెప్పరాదు. నడుస్తుండగా చెమట పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగితే ఆ వాచీ దాన్ని కూడా మంచి వ్యాయామమనే రాసుకుంటుంది. అటువంటివారు తెల్లవారుజామున గట్టు మీదికి బయలుదేరేటప్పుడు వాచీ మరిచిపోయినా సరే, జేబులో పంచదార పొట్లం వేసుకుని వెళ్ళాలి.