గొప్పకు బండియా? ఇంటికి బండియా?

ఇంటికి క్రొత్త వస్తువు వచ్చునప్పుడు దానివెంట పిలువని చుట్టములు కొందఱు వచ్చుచుందురు. ఆవును గొన్నవారికి గడ్డిమేటి చింతయు, పట్టుచీర గొన్నవారికి దానిని దాచు పెట్టె చింతయు వెన్నంటియే వచ్చును. మోటారుబండితో వచ్చు చుట్టములు మఱింత ఖర్చుగలవారు. నూనె, బీమా, టైర్లు, మరమ్మతులు - వీరిలో నొక్కరైనను వట్టిచేతులతో వెడలిపోవువారు గారు.

బండి కొనుట పురుషుల వ్యవహారమని మనలో పలువురు ప్రక్కకు తొలగుచుందురు. కాని దానికి పోవు ధనము బియ్యపు డబ్బానుండియు, పిల్లల చదువు నిధినుండియు పోవునదియే కదా. కావున 2014వ సంవత్సరమున మా యింట జరిగిన యొక చర్చను, దాని ఫలితమును సోదరీమణుల యెదుట నుంచుచున్నాము.

మేము రాజమహేంద్రవరమున కాపురముండువారము. ఆ యేటి శ్రావణమాసమున మా యత్తగారికి రొమ్మునందు వ్రణము కనిపించినది. విశాఖపట్టణమున చికిత్స ఆరంభమయ్యెను. మూడు వారముల కొకసారి మందెక్కించుటకును, నడుమ పరీక్షలకును పోవలసియుండెను. పోవుటకు సుమారు 190 కిలోమీటర్లు, వచ్చుటకు మరల నంతయే. రైలు లేక కాదు. మందెక్కించిన మఱునాడు ఆమె స్టేషను మెట్లెక్కలేక నడుమనే కూలబడిరి. ఆనాటి రాత్రియే సొంతబండి కొనవలెనని నిశ్చయించుకొంటిమి.

అప్పటికి మా చేతనున్నది 12 లక్షల రూపాయలు. ఎదుట రెండు త్రోవలు కనిపించినవి. ఏడేండ్లు వాడిన జర్మనీ దేశపు విలాసవాహన మొకటి 11 లక్షలకు దొరకుచుండెను. దాని తోలు కుర్చీలును, అద్దములవలె మెఱయు తలుపులును జూచిన నెవరికైనను మనసగును. రెండవది ఎనిమిదిన్నర లక్షలకు వచ్చు క్రొత్త డీజిలు సెడాను. సెడాననగా వెనుక సామానుల డిక్కీ వేఱుగా నుండెడి బండి. మన వీధులలో నది పదింట నొకటిగా కనిపించునదే.

మా యింటివారి మనస్సు విలాసవాహనముపై నుండెను. అది వట్టి డాంబికమని మేమును మొదట తలంచితిమి. వారు చెప్పిన మాట విన్న పిమ్మట మా నోరు పెగలలేదు.

“నా చిన్నతనమున జ్వరము వచ్చినప్పుడు అమ్మ నన్ను ఎడ్లబండిలో ఒడిలో పండుకోబెట్టుకొని ఆసుపత్రికి తీసికొనిపోయినది. ఈనాడు అమ్మను మెత్తని బండిలో తీసికొనిపోవలెననుకొనుట తప్పా?”

తప్పు కాదు. అయినను ప్రేమకును లెక్క యవసరమే. మఱునాడు ఇద్దఱమును అత్తగారిని వెంటబెట్టుకొని రెండు బండ్లను జూడబోయితిమి. విలాసవాహనపు కుర్చీ నేలకు మిక్కిలి దగ్గఱగా నుండెను. ఆమె కూర్చుండి, లేవబోయి, మా చేయి పట్టుకొనిరి.

“కూర్చోవడానికేమో కూర్చున్నాను గాని అమ్మాయీ, లేవడానికి ఇద్దరు మనుషులు కావాలి!” అని నవ్విరి. ఆ బండిని గూర్చి ఆమె పలికినది ఆ యొక్కమాటయే.

పిదప మా వీధిచివర బండ్లు బాగుచేయు వృద్ధుడైన మేస్త్రీ నడిగితిమి. అతడు ఏ బండి గొనుడనియు చెప్పలేదు. “అమ్మగారూ, మీరు బండిధర అడుగుతున్నారు. ముందు దీపం పగిలితే ఎంతో, గేరుపెట్టె చెడితే ఎంతో, ఆ సామాను ఎన్నాళ్లకు వస్తుందో అడగండి” అనెను.

అడిగితిమి. బండి పాతదైనచో ధర తగ్గును గాని, దాని సామానుల ధర తగ్గదు. ఏడేండ్ల పిమ్మట కొన్నవాడు సగముధర యిచ్చినను, మరమ్మతులకు క్రొత్తబండి యజమాని యిచ్చు వెలయే యీయవలెను. కొన్ని సామానులు మా యూర దొరకవు, దూరమునుండి తెప్పింపవలెను. అన్నాళ్లు బండి పాకలో నుండును. మందెక్కించు తేది మాత్రము బండి కొఱకు ఆగదు గదా! ఈ యొక్క సంగతితో మా యింటివారు మెత్తబడిరి. పైగా ఆ బండి పెట్రోలుతో లీటరుకు 10 కిలోమీటర్లు నడచును. డీజిలుబండి 20 నడచును. విశాఖకు పోయివచ్చుటకు దానికి 38 లీటర్లు, దీనికి 19 లీటర్లు. 12 లక్షలలో 11 లక్షలు పోయిన మిగులునది లక్ష. ఎనిమిదిన్నర పోయిన మిగులునవి మూడున్నర లక్షలు. ఆ మిగిలినదానిలో రెండు లక్షలు చలికాలము లోపలనే మందులకు వ్యయమయ్యెను. విలాసవాహనము గొనియుండినచో ఆ సొమ్మునకై ఎవరి వాకిట నిలువవలసివచ్చెడిదో!

దసరాకు క్రొత్తబండి వచ్చినది. అత్తగారు పసుపు కుంకుమలు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయ లుంచిరి.

ఇఁక డీజిలనగా నేమో యించుక తెలిసికొనుట మంచిది. సైకిలునకు గాలి కొట్టునప్పుడు పంపు వేడెక్కుట మన మెఱిగినదే. గాలిని అదిమినచో వేడి పుట్టును. పెట్రోలు యంత్రమునందు నిప్పురవ్వతో మంట పుట్టింతురు. డీజిలు యంత్రమునందు గాలిని మిక్కిలిగా నదిమి, ఆ వేడిలో నూనెను చిమ్మినంతనే దానంతట నది మండును. అంతగా నదుముటచేత నూనెలోని శక్తి యెక్కువగా పనికి వచ్చును. ఆ యొత్తిడికి తాళుటకు యంత్రము బలముగా నుండవలెను గనుక వెల యధికము. దీనిని గనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్ నగరమున జర్మను దంపతులకు జన్మించెను. 1897లో ఆగ్స్‌బర్గునందు ఆతని యంత్రము చక్కగా పనిచేసెను. 1913లో ఇంగ్లండునకు పోవు ఓడనుండి రాత్రివేళ నదృశ్యుడయ్యెను. ఆతని యంత్రము అమ్మకమునకు వచ్చిన కారులో చేరుటకు 1936 వఱకు పట్టెను. అది మెర్సిడిస్ వారి బండి. మన గోదావరి సీమలో మాత్రము చేలకు నీరు తోడు ఆయిలింజనుగను, లారీగను డీజిలు పాతచుట్టమే.

మన దేశమున చిన్న సెడానులు వ్యాపించుటకు పన్ను కూడ నొక కారణము. నాలుగు మీటర్ల లోపు పొడవును, చిన్న యంత్రమును గల బండ్లకు 2006నుండి తక్కువ పన్ను విధించిరి. అందుచే డిజైర్ వంటి బండ్లకు తోక కత్తిరించి 3,995 మిల్లీమీటర్లకు తగ్గించిరి. డిక్కీ యేల పొట్టిగా నున్నదని అడుగువారికి సమాధాన మిదియే.

ఇప్పుడు అసలు లెక్కకు వత్తము. ఒకే బండిలో పెట్రోలుదానికంటె డీజిలుది లక్షరూపాయ లెక్కువ యనుకొందము. లెక్కకొఱకు పెట్రోలు లీటరు 100 రూపాయలు, డీజిలు 90 రూపాయలు ననుకొందము. చిన్న పెట్రోలుబండి లీటరుకు 15 కిలోమీటర్లు, డీజిలుది 20 నడచినచో, కిలోమీటరునకు మొదటిదానికి 6 రూపాయల 67 పైసలు, రెండవదానికి నాలుగున్నర రూపాయలు. భేదము 2 రూపాయల 17 పైసలు. లక్షరూపాయలు తిరిగివచ్చుటకు సుమారు 46,000 కిలోమీటర్లు నడువవలెను. నెలకు 1,200 నడచువారికి మూడేండ్ల రెండు మాసములు చాలును. నెలకు 300 మాత్రమే నడచువారికి పండ్రెండేండ్లు దాటును. మా త్రోవ దూరమైనది గనుక డీజిలు మాకు కలిసివచ్చినది. బడికి, బజారుకు పోవు యింటికి అదే బండి నష్టము.

ధరల భేదము కూడ స్థిరము కాదు. 2012లో ఢిల్లీలో పెట్రోలుకంటె డీజిలు లీటరుకు 30 రూపాయలకు పైగా తక్కువగా నుండెను. మేము దసరాకు బండి కొన్న ఆ 2014 అక్టోబరునందే ప్రభుత్వము డీజిలు ధరపై నియంత్రణ నెత్తివేసెను. 2020 జూనులో ఢిల్లీలో డీజిలు పెట్రోలును మించెను గూడ. అగ్గువని కొన్నది ఎల్లకాలము అగ్గువగా నుండునని నమ్మరాదు.

మా బండి చేసిన తప్పును గూడ దాచము. మొదటి చలికాలమున వేకువనే బండిని వెచ్చబెట్టుటకై పదినిమిషములు నిలిపి నడిపించుచుంటిమి. ఒకనాడు ప్రక్కయింటి యిల్లాలు గోడ దగ్గఱకు వచ్చి, “వదినగారూ, ఏమీ అనుకోకండి. మీ బండి పొగకు మావాడు రాత్రి తెల్లవార్లూ దగ్గుతున్నాడు” అనెను. ఆ పసివాని కుబ్బసము. ఒకరి ప్రాణము నిలుపుటకై మేము గొన్న బండి వేఱొకరి బిడ్డకు ఊపిరి యాడనీయకుండెను. సిగ్గుపడితిమి. నాటినుండి బండిని వీధి మొగకు తోసికొనిపోయి, అత్తగారు కూర్చున్న పిమ్మటనే నడుపుచు వచ్చితిమి.

ఇది మా యొక్కరి సంగతి గాదు. డీజిలు పొగ క్యాన్సరుకు కారణమగునని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనసంస్థ 2012లోనే నిర్ణయించెను. ఆ వ్రణమునకే చికిత్స చేయించుటకు డీజిలుబండిలో పోవుచుంటిమని తెలిసిననాడు మా మనస్సు చివుక్కుమనెను. 2015లో ఫోక్స్‌వాగన్ వారు పొగ పరీక్షలను మోసగించు యుక్తిని తమ డీజిలుబండ్లలో నమర్చిరని అమెరికాలో బయటపడెను. అదే యేట మన హరిత న్యాయాధికరణము ఢిల్లీ ప్రాంతమున పదేండ్లు దాటిన డీజిలుబండ్లు తిరుగరాదనెను. 2020 ఏప్రిల్ 1నుండి బి.ఎస్. ఆరు నియమము వచ్చి, పొగలోని మసిని పట్టు జల్లెడ తప్పనిసరియైనది. ఆ జల్లెడలోని మసి దూరప్రయాణపు వేడికి కాలిపోవును. ఊరిలోనే చిన్నచిన్న దూరములు తిరిగినచో పూడుకొనిపోవును. ఇన్ని చేర్చుటచే చిన్న డీజిలుబండి వెల పెఱిగెను. మారుతీవారు 2020లో డీజిలును మానిరి. హోండా, హ్యుందయివారి సెడానులలో నది 2023 నాటికి నిలిచెను. ఇప్పుడు క్రొత్త డీజిలు సెడాను కావలెనన్న విలాసవాహనములలోనే వెదకవలసిన కాలము వచ్చినది! మేమానాడు రెండుగా జూచిన త్రోవలు నేడొక్కటైనవి.

మా బండి 2025 దసరాకు పదునొకండేండ్లు నిండి, 1,62,000 కిలోమీటర్లు నడచినది. క్లచ్చి రెండుమారులు, టైర్లు మూడుమారులు మార్చితిమి. ప్రతి మరమ్మతును మా మేస్త్రీయే చేసెను. చికిత్సకు పోవలసిన యే తేదియు తప్పలేదు. ఐదేండ్లు నిండిన పిమ్మట వైద్యులు మా యత్తగారితో, “ఇక సంవత్సరానికొకసారి వస్తే చాలునమ్మా” అనిరి. ఆనాడు తిరుగుప్రయాణమున తుని దగ్గఱ బండి నాపి ఆమె స్వయముగా మిఠాయి కొని మాకు పెట్టిరి. మా యింటివారు చక్రము ముందు కూర్చుండి కన్నులు తుడుచుకొనుట మేము చూడనట్లే నటించితిమి.

ఇప్పుడు హైదరాబాదున నుద్యోగము చేయు మా యమ్మాయి, “అమ్మా, నేనే బండి కొనను?” అని యడుగుచున్నది. డీజిలు కొనుమని మేము చెప్పలేదు. ఆమె యాఫీసు తొమ్మిది కిలోమీటర్లు. ఒక పుస్తకము తీసికొని నెలకెన్ని కిలోమీటర్లు పోవుదువో, ఎవరు కూర్చుందురో, చెడినచో నెవరు బాగుచేయుదురో, కొన్న పిమ్మట పెట్టెలో నేమి మిగులునో, నీ పొగ యెవరి గుమ్మమున చేరునో వ్రాయుమని చెప్పితిమి.

సోదరీమణులారా! మీ యింట బండి మాట వచ్చినప్పుడు మీరును ఆ పుస్తకము నెదుట నుంచుడు. ఈ యైదు ప్రశ్నలకు సమాధానములు వ్రాసిన పిమ్మట ఏ బండి గొన్నను అది మీ యింటి బండియే యగును. అట్లు గాక ఎదురింటివారు చూచుటకై కొన్నచో, నూనె మనము పోసినను బండి మాత్రము వారిదే.