వెస్ట్రీ గదిలో కాలి హార్మోనియం

పాత చర్చిల్లో వెస్ట్రీ గది తలుపు తీస్తే, విరిగిన బల్లల మధ్య దుమ్ముపట్టిన కాలి హార్మోనియం కనిపించడం వింతేమీ కాదు. చిత్తూరు వైపు ఒక సంఘంలో మేము చూసినదానికి తిత్తి తోలు చిరిగిపోయింది. నాలుగు మెట్లు పలకడం లేదు. "పాతసామాను వాళ్లకు ఇచ్చేసి, ఆ డబ్బుకు కొంత కలిపి కీబోర్డు కొందాం" అని కమిటీలో మాట వచ్చిందట. సంఘపెద్ద ఒకాయన ససేమిరా అన్నారు. మేమూ ఆయన పక్షమే.

150వ కీర్తనలో మన తెలుగు బైబిలు 'పిల్లనగ్రోవి' అన్నచోట ఇంగ్లీషు కింగ్ జేమ్స్ అనువాదంలో 'ఆర్గాన్' అని ఉంటుంది. ఆలోచిస్తే రెండూ దగ్గరివే. వందల పిల్లనగ్రోవులను వరుసగా నిలబెట్టి తిత్తుల గాలితో పలికించేదే పైపు ఆర్గాన్. చెన్నై ఎగ్మూరులోని సెయింట్ ఆండ్రూస్ కిర్క్‌లో 1883 నాటి ఆర్గాన్ ఉంది. ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్‌లో కొనాకర్ సంస్థ చేసింది. అటు వెళ్లినవారు తప్పక చూడాలి.

అంతటి వాద్యాన్ని పల్లె సంఘాలకు తేవడం ఎవరి తరం? 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబెన్ పేటెంటు పొందిన హార్మోనియం ఆ చిక్కు తీర్చింది. గొట్టాలు లేవు. కాళ్లతో తొక్కితే వచ్చే గాలికి చిన్న ఇత్తడి రీడ్లు పలుకుతాయి. చిత్తూరు, మదనపల్లెల్లో అమెరికన్ ఆర్కాటు మిషను, తిరుపతి వైపు జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషను పనిచేసినది ఆ శతాబ్దంలోనే.

అయితే మనవాళ్లు నేలమీద కూర్చుని పాడేవారు. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాని కాళ్లు తీసేసి, తిత్తిని వెనక్కి మార్చారు. ఒక చేత్తో గాలి కొట్టి, మరో చేత్తో వాయించవచ్చు. తర్వాత శ్రుతి స్టాపులూ చేరాయి. అలా అది చర్చి గడప దాటి భజనకూ, పద్యనాటకానికీ పోయింది!

ఒక్క లోపం మాత్రం మిగిలిపోయింది. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తన తలమీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు పాతతరంవారు పాడితే గమకాలు వినబడతాయి. మెట్టుకూ మెట్టుకూ మధ్యనున్న ఆ స్వరం హార్మోనియానికి అందదు. అందుకే ఆలిండియా రేడియో 1940 నుంచి 1971 దాకా దాన్ని దూరం పెట్టింది. రవీంద్రనాథ్ టాగోర్‌కూ అది గిట్టేది కాదు. 1919లో మదనపల్లెలో ఉండగా జనగణమనను ఇంగ్లీషులోకి మార్చినది ఆయనే. సంగీత విద్వాంసుల ఆక్షేపణ న్యాయమైనదే. కానీ సంగీతం రాని వందమంది విశ్వాసులను ఒకే శ్రుతిలో నిలిపేది మరేముంది?

కీబోర్డు మీద మాకు ద్వేషం లేదు. మీట నొక్కితే శ్రుతి మారుతుంది, మంచిదే. అయితే అందులో తాళం వేసిపెడితే సంఘం దాని వెంట పరుగెత్తాలి. కాలి హార్మోనియం అలా కాదు. ముసలమ్మలు చరణం చివర సాగదీస్తే, వాయించేవారి కాలూ అక్కడే ఆగుతుంది. కరెంటు పోయినా పాట ఆగదు.

తిత్తికి కొత్త తోలు వేసే మనిషి దొరికాడని, రీడ్లు శుభ్రం చేయించడమే మిగిలిందని మొన్న కబురు వచ్చింది. కీబోర్డు కూడా కొంటున్నారట.