ఉబ్బసమును గుర్తించుట : ఇంకను తేలవలసిన సంగతులు

ఉబ్బసము గుర్తుపట్టుటకు కష్టములేని వ్యాధి యని పలువురు తల్లిదండ్రులు తలచుచుందురు. ఆయాసము వచ్చినది, రొమ్ములో పిల్లికూతలు వినబడినవి, కాబట్టి ఉబ్బసమే యని నిశ్చయింతురు. వైద్యశాస్త్రము మాత్రము ఇంత ధైర్యముగా చెప్పజాలకున్నది. మలేరియా క్రిమిని నెత్తురుచుక్కలో చూపవచ్చును. క్షయక్రిమిని కఫములో చూపవచ్చును. ఉబ్బసమునకు అట్లు చూపదగిన క్రిమి లేదు. ఇది ఉబ్బసమే యని ఒక్కసారిగా తేల్చు పరీక్ష ఒక్కటియు నేటివరకు లేదు.

దీనికి కారణము వ్యాధి స్వభావములోనే యున్నది. ఊపిరితిత్తులలోని గాలిగొట్టముల లోపలి పొర వాచును, చుట్టునున్న కండరములు బిగిసికొనును, దారి యిరుకగును. కాని ఆ యిరుకు ఎల్లవేళల నుండునది కాదు. తెల్లవారుజామున మంచముపై కూర్చుండి డొక్కలెగరవేసిన పిల్లవాడే పదిగంటలకు డాక్టరుగారి యెదుట నిక్షేపముగా నవ్వుచుండును. పరీక్ష జరుగువేళకు వ్యాధి పరారియైయుండును.

ఊపిరిని కొలుచు స్పైరోమీటరును 1846లో ఇంగ్లండున జాన్ హచిన్సను లోకమునకు తెలిపెను. చేతితో పట్టుకొని ఊదు పీక్ ఫ్లో మీటరును 1959లో రైటు అను ఆంగ్లేయుడు ప్రకటించెను. నేటి పద్ధతి యేమనగా, రోగిచే బలముగా ఊదించి కొలిచి, గొట్టములను విప్పు మందు పీల్పించి, పావుగంట తరువాత మరల కొలుచుదురు. పెద్దలలో మొదటి క్షణమున వెలువడు గాలి 12 శాతమును, 200 మిల్లీలీటర్లును మించి పెరిగినచో ఉబ్బసమునకు అనుకూలమైన సాక్ష్యము. లేదా రెండు వారములపాటు ఉదయము, సాయంకాలము ఇంటనే పీక్ ఫ్లో కొలిచి వ్రాసికొనవలెను. ఆ హెచ్చుతగ్గుల సగటు పెద్దలలో 10, పిల్లలలో 13 శాతము దాటినచో అనుమానము బలపడును. పరీక్ష సరిగా వచ్చినంతమాత్రమున వ్యాధి లేదనుటకు వీలులేదు. దాడి లేని దినమున ఉబ్బసరోగియు చక్కగానే ఊదగలడు.

తప్పు రెండువైపులను జరుగుచున్నది. కెనడాలో ఉబ్బసమని చెప్పబడియున్న 613 మంది పెద్దలను మరల జాగ్రత్తగా పరీక్షించి, మందులు క్రమముగా తగ్గించి చూడగా, మూడవవంతు మందిలో ఆనాటికి ఉబ్బసము కనబడలేదని 2017లో ప్రకటించిరి. మన దేశమున దీనికి విరుద్ధము. లక్షకు పైబడిన పిల్లలను, తల్లిదండ్రులను ప్రశ్నించిన గ్లోబల్ ఆస్త్మా నెట్‌వర్కు పరిశీలన 2022లో వెలువడినది. పిల్లికూతలున్న వారిలో 82 శాతమునకు, తీవ్రలక్షణము లున్నవారిలో 70 శాతమునకు ఉబ్బసమని వైద్యులు చెప్పియుండనే లేదు. అచ్చట లేని రోగమునకు మందు, ఇచ్చట ఉన్న రోగమునకు దగ్గుసీసా! మృగశిర కార్తెకు చేపమందు మ్రింగుటకై హైదరాబాదు పోవువారిని చూచినపుడు, ఆ మందు గుణమునుగూర్చిన వాదమున కంటె, వీరిలో ఊపిరి కొలిపించుకొని వచ్చిన వారెందరు అను ప్రశ్నయే నాకు ముందుగా తోచును.

ఇక పరిశోధింపవలసిన వానిలో మొట్టమొదటిది, నా దృష్టిలో, అయిదేండ్లలోపు పసివారి సమస్య. స్పైరోమీటరులో సరిగా ఊదుటకు అయిదారేండ్లు రావలెను. ఆలోపల జలుబు చేసినపుడెల్ల పిల్లికూతలు వచ్చు పిల్లలు చాలమంది. వారిలో పలువురికి పెరిగినకొలది అవి పోవును, కొందరికి మాత్రము ఉబ్బసముగా నిలుచును. వీరినుండి వారిని వేరుచేయు పరీక్ష యేదియు లేదు. ఊపిరితో వెలువడు నైట్రిక్ ఆక్సైడును కొలుచుట యొక కొత్తదారి. 2024 నవంబరులో బ్రిటిషు వైద్యసంస్థల సూచనలు దీనికి ముఖ్యస్థాన మిచ్చినవి. కాని యంత్రము ఖరీదైనది, పొగత్రాగువారిలో ఆ కొలత తగ్గి కనబడును. చిన్న ఆసుపత్రులకు అందుబాటగు పరీక్ష యేదో తేలవలసియున్నది.

కొలతలు సరిపోల్చుటకు ఆరోగ్యవంతుల లెక్క కావలెను. 2012లో 3 మొదలు 95 ఏండ్లవరకు అంతర్జాతీయ ప్రమాణములు ప్రకటించినపుడు, భారత ఉపఖండమునుండి చాలినంత సమాచారము లేకపోయెను. మన పిల్లలను మన పిల్లలతోనే పోల్చి చూచు పెద్ద పరిశీలనలు జరుగవలెను.

మనబోటి భాషాల్పసంఖ్యాకులకు మరింత దగ్గర సంగతి యొకటి కలదు. పరీక్ష లేనిచోట నిర్ధారణకు ఆధారము తల్లి చెప్పు మాటయే. షోలాపురమున మన యింటి మాట "దమ్ము వస్తున్నది". తెలంగాణ పలుకుబడిలో అది ఉబ్బసము కావచ్చును, పరుగెత్తినందు వలని ఆయాసమును కావచ్చును. మరాఠీలో ఉబ్బసమునకు "దమా" అందురు, ఊరక ఆయాసపడుటకు "దమ్ లాగణే" అందురు. ఈ మాటల నడుమ వైద్యునకు ఏది చేరునో! పిల్లికూతలకు సరియైన మాట దొరకని భాషలు కలవని గ్రహించియే, 1991లో ఆరంభమైన అంతర్జాతీయ పరిశీలనవారు 13, 14 ఏండ్ల పిల్లలకు మాటలతోపాటు వీడియోను గూడ చూపిరి. ఇంట నొక భాష, ఆసుపత్రిలో నొక భాష మాట్లాడువారిలో ఇట్టి ప్రశ్నావళు లెంతవరకు పనిచేయునో ప్రత్యేకముగా పరిశోధింపదగును.

మరమగ్గముల ధూళి, బీడీపొగాకు ధూళి మన యిండ్లలో కొత్తవి కావు. ప్రత్తిధూళివలన వచ్చు రొమ్ముబిగువు సెలవు తరువాతి మొదటి పనిదినమున హెచ్చుగా నుండును. అది వేరొక వ్యాధి. కావున పెద్దలు తమ పనిసంగతి వైద్యునకు తప్పక చెప్పవలెను.

ఆడపిల్లకు ఉబ్బసమని పేరుపడిన పెండ్లి కాదను భయమున కొందరు పరీక్షకే రారు. ఆ భయమువలన రాత్రులు నిద్రలేక, బడిలో తూగునది ఆ పిల్లయే.

పరిశోధనలు ముగియువరకు వేచియుండ నక్కరలేదు. దగ్గు రాత్రివేళ వచ్చుచున్నదా, ఏ ఋతువులో, ఏ ధూళికి, ఏ ఆటకు హెచ్చుచున్నదో ఒక నోటుపుస్తకమున తేదీలతో వ్రాయుడు. పిల్లికూతలు వినబడినపుడు ఫోనులో పట్టి వైద్యునకు వినిపింపుడు. ఇన్హేలరు వ్రాసియిచ్చినచో దానిని మీయంతట మానిపింపక, బడిసంచిలో నుంచి, తరగతి ఉపాధ్యాయునకు ముందుగా తెలియజేయుడు.